తొట్టి కాదు, గాడి

ఇది చదివితే మా సంఘంలో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. నాకు మూడు నెలలుగా వస్తూనే ఉంది, నేనేమైనా చచ్చిపోయానా?

నంద్యాలలో మా చర్చి వెనక, ప్రహరీ గోడను ఆనుకుని, మొన్న డిసెంబరు దాకా ఒక కొట్టం ఉండేది. నాలుగు గుంజలు, పైన బోదగడ్డి కప్పు, లోపల మూడు ఎనుములు. ఎనుములంటే బర్రెలు, మా వైపు మాట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అది లూదియమ్మ కొట్టం. ఆమె భర్త రాజరత్నం ఇరవై ఆరేళ్లు మా చర్చి గంట కొట్టాడు. జీతమంటూ ఏమీ లేదు గనుక అప్పటి పాస్టరుగారు, "వెనక ఖాళీగానే ఉంది కదా రాజరత్నం, గొడ్లను కట్టుకో" అన్నారు. కాగితం రాసుకోలేదు. ఇద్దరు మంచివాళ్ల మధ్య కాగితం ఎందుకనుకున్నారు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. మిగిలింది మేము, కాగితాల వాళ్లం.

లూదియమ్మకు అరవై దాటాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. తెల్లారేసరికి పాలు పితికి మా వీధిలో ఇంటింటికీ పోసేది. ప్రతి శనివారం మధ్యాహ్నం చర్చి అంతా కసువు ఊడ్చి, చాపలు దులిపి పరిచేది. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆదివారం ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చుని, పాట మొదలుపెడితే అందరికంటే ముందు ఎత్తుకునేది. రాగం మాత్రం ఆమె ఇష్టం. ఆమె చీర నుంచి పాల వాసన, పేడ వాసన కలిసి వచ్చేవి. చిన్నప్పుడు మా అమ్మ పక్కన ఆ చాప మీదే కూర్చునేవాణ్ణి కాబట్టి, చర్చి వాసనంటే అదేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

నేను ఆళ్లగడ్డలో బడిపంతుల్ని. రోజూ బస్సులో పోయి వస్తాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా సంఘం కమిటీకి నన్ను కార్యదర్శిని చేశారు. ఆ గుండ్రటి రాతే నా పరువు తీసింది.

నవంబరులో మీటింగు జరిగింది. మా కమిటీకి పెద్ద కరుణాకర్. కాంట్రాక్టులు చేస్తాడు, చర్చికి రంగులు వేయించాడు, మైకులు కొనిచ్చాడు, ఆ సంగతి మమ్మల్ని మరచిపోనివ్వడు. ఆ రోజు లేచి నిలబడి, "ఈ తూరి మన పశువుల పాకను చూసి నంద్యాలంతా నోరు తెరవల్ల" అన్నాడు. ప్రతి క్రిస్మస్‌కూ మేము అట్టముక్కలతో, కాస్త గడ్డితో చిన్న పాక చేసి, అందులో బాలయేసు బొమ్మను పెడతాం. ఈసారి అది చాలదట.

"లైట్లు, పొగ మిషను, ముప్పై అడుగుల నక్షత్రం. ఊర్లో పెద్దోళ్లందర్నీ పిలిచినాం. ముందర జాగా కార్లకు కావల్ల. పాకను వెనకే పెట్టల్ల. ఆ కొట్టం తీసేయల్ల. పెద్దోళ్లొచ్చినప్పుడు ఆ కంపేందప్పా?"

"పాపం, ఆమె గొడ్లను యాడ కట్టుకుంటాది?" అన్నారు పాస్టరుగారు. ఆయన కుర్రవాడు, బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు.

"చర్చి జాగా చర్చిది, ఇందులో పాపమేముంది అయ్యగారూ? బదిలీ మీద వచ్చినోళ్లకు ఇవన్నీ తెల్దులే" అన్నాడు కరుణాకర్. బదిలీ అన్న మాట ఇంకోసారి కూడా నొక్కి పలికాడు. ఆ తర్వాత పాస్టరుగారు నోరెత్తలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మా దగ్గర పూజారి ఇద్దామన్నా కమిటీ ఇవ్వదు.

అప్పుడు నేను తీర్మానం రాశాను. అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నాను: "చర్చి వెనుక గల పశువుల పాకను తొలగించి, ఆ స్థలమందు పశువుల పాకను ఏర్పాటు చేయుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." రాస్తుంటేనే నా కలం ఆగింది. పైకి చదివి వినిపించాను, ఎవరైనా నవ్వుతారేమో, కనీసం దగ్గుతారేమో అని. పదకొండు మందిలో ఒక్కరూ కదల్లేదు. టీ తాగి సంతకాలు పెట్టారు. మొదటి సంతకం నాది.

కబురు తెలిసి లూదియమ్మ మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కరుణాకర్ దగ్గరికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"నాయనా, నా నల్లెనుము నిండు సూడి మీదుండాది. క్రిస్మస్‌కు నాలుగు దినాలు ముందో ఎనకో ఈనుతాది. అది ఈనేదాంకా ఆగండప్పా. ఈనినాక నేనే గుంజలు పీక్కోని పోతా."

"క్రిస్మస్ కానియ్‌మ్మా, యాడన్నా జాగా చూస్తాంలే."

"అప్పుడు చూసేదేందప్పా? ఈనేది ఇప్పుడు కదా."

"అందరం కూచ్చోని తీర్మానం చేసినాం. నేనొక్కన్నే మార్చేదానికి లేదు" అన్నాడు కరుణాకర్. ఒక్కడే చేయించిన తీర్మానాన్ని ఒక్కడే ఎందుకు మార్చలేడో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని పైకి కూడా అనలేదు.

డిసెంబరు మొదటి శనివారం జేసీబీ వచ్చింది. అన్నేళ్ల కొట్టానికి పది నిమిషాలు పట్టలేదు. కొట్టంలో గోడ వెంబడి, గొడ్లకు మేత వేయడానికి బండలు నిలబెట్టి కట్టిన గాడి ఉండేది. ఆ బండలు రాజరత్నం ఒక్కొక్కటీ భుజాన మోసుకొచ్చినవి. వాటినీ పెకలించి ట్రాక్టరులో వేసుకుపోయారు, ఎక్కడో గుంత పూడ్చడానికి. లూదియమ్మ మూడు పలుపుతాళ్లూ చేత పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. ఏడవలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మా సంఘంలో రెండు వందల కుటుంబాలున్నాయి. పెరళ్లున్న ఇళ్లు యాభై అయినా ఉంటాయి. ఒక్కరూ రమ్మనలేదు. మా ఇంటి వెనకా జాగా ఉంది. అక్కడ మా ఆవిడ పూలకుండీలున్నాయి. కుండీలు జరపడం గంట పని. ఆ గంట నాకు దొరకలేదు.

చర్చికి ఎదురు సందులో పరుపులు కుట్టే అబ్దుల్ రహిమాన్ ఉంటాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో దూది నిలవ పెట్టుకుంటాడు. అతను వచ్చి ఎనుముల్ని చూసి, లూదియమ్మను చూసి, "రోడ్డు మీదేందక్కా, మా షెడ్లోకి తోలకరా" అన్నాడు.

"నీ దూది యాడ పెడతావప్పా?"

"ఇంట్లో పెడతా."

అతని భార్య హజీరా ఊరుకునే మనిషి కాదు. "ఇంట్లో కాలు పెట్టే జాగా లేదు, మంచం మీద గూడా దూదే, నేను యాడ పండుకోవల్ల?" అని వీధంతా వినపడేలా అరుస్తూనే, షెడ్డు ఊడ్చి నీళ్లు చల్లింది. సాయంత్రానికి ఎనుములు అక్కడ మేత మేస్తున్నాయి.

రెండో వారంలో నాకొక పని పడింది. పాకకు చందాలిచ్చిన వాళ్ల పేర్లతో ఆళ్లగడ్డలో శిలాఫలకం చెక్కిస్తున్నారు. నేను ఉద్యోగం చేసేది ఆ ఊళ్లోనే గనుక బడి వదిలాక తెచ్చే బాధ్యత నాదే. మా ఆళ్లగడ్డ శిల్పులు దేశమంతా పేరున్నవాళ్లు. రాయిని చూపిస్తూ ఆ ముసలి శిల్పి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది సార్, గొడ్ల పాకకు గూడా శిలాఫలకమా?"

"క్రిస్మస్‌కు పెడతారు కదా, ఆ పాకకు."

"ఓహో, మీ సామి పుట్టిన పాకకా!" అని రాతి మీద దుమ్ము తుడిచి, వేలితో ఒక్కో పేరూ తడుముతూ చదివాడు. చివరిదాకా వచ్చి ఆగాడు. "అందరి పేర్లు ఉండాయి. పుట్టినాయన పేరు యాడా లేదే సార్?"

నేను నవ్వేశాను. అంతకంటే ఏం చెయ్యను? ఆ రాయిని బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని నంద్యాలదాకా వచ్చాను. దారి పొడవునా అది నా కాలివేళ్ల మీదికి జరుగుతూనే ఉంది.

మూడో శనివారం పాక సిద్ధమైంది. థర్మాకోలు గోడలు, ప్లాస్టిక్ గడ్డి, నేల మీద పచ్చ తివాచీ. మధ్యలో, పైనుంచి వెండిరంగు గొలుసులతో వేలాడే, నగిషీ చెక్కిన ఊయల, దానిలో ఎర్ర మఖమల్ పరుపు, మెత్తటి దిండు. దిండు మీద బాలయేసు బొమ్మ. లైట్ల వాళ్లు నిచ్చెనలెక్కి ఉన్నారు. కరుణాకర్ ఊయలను ఒక వేలితో ఊపి మురిసిపోతున్నాడు. పాస్టరుగారూ నేనూ చెరో పక్క నిలబడి ఉన్నాం.

లూదియమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. అవును, వచ్చింది. కొట్టం పీకేశారని కసువు మానలేదు. చర్చి ఊడ్చి, వెనక అలికిడికి ఇటు వచ్చి, ఊయలను చూసి ఆగిపోయింది.

"ఇదేందప్పా?"

"తొట్టి. వాక్యంలో ఉండేదే పెట్టినాం. పశువుల తొట్టి."

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా వైపు బిడ్డను ఊపే ఊయలను తొట్టిలి అంటాం, పొట్టిగా తొట్టి అనేస్తాం. చిన్నప్పటి నుంచి మాలో చాలామంది పశువుల తొట్టి అంటే పశువుల పాకలో కట్టిన ఊయల అనే అనుకుంటూ పెరిగాం. నేనూ పదేళ్లు వచ్చేదాకా అలాగే అనుకున్నాను. మాకు నచ్చే తప్పు అది. కరుణాకర్‌కు యాభై దాటినా ఆ తప్పు తప్పుగానే ఉండిపోయింది.

లూదియమ్మ పకపకా నవ్వింది.

"తొట్టి కాదప్పా, గాడి! గొడ్లకు మేతేసేది. మీరు పీకేసినారే, అది!"

నిచ్చెన మీది కుర్రవాళ్లు కిందికి చూశారు.

"అది గాడని నాకెట్ల తెలుసంటే, నేను పుట్టినాక పండుకునింది గాడిలోనే. ఆళ్లగడ్డ కాడ, రుద్రవరం పొయ్యే దావలో, ఒక పెద్ద రైతింట్లో మానాయన జీతానికుండె. మాయమ్మ నిండు నెలలతో ఎద్దుల కొట్టంలో పేడెత్తేదానికి పోయింది. ఆడ్నే నొప్పులొచ్చినాయి. మనల్ని ఇంట్లోకి రానిచ్చేటోళ్లు కాదు కదా, యాడికి పోతాది? ఆడ్నే కనింది. కింద పెడదామంటే ఉచ్చ, పేడ. ఎద్దులు కాళ్లు కదిలిస్తాండాయి, తొక్కితే ఏముంది? తడి లేనిది, తొక్కనిది గాడి ఒగటే. సొప్ప పక్కకు నూకి నన్ను దాంట్లో పెట్టిందంట. మరియమ్మ గూడా అందుకే పెట్టింటాది నాయనా, పెట్టేదానికి ఇంకేం లేక. ఊపేదానికి కాదు."

పాస్టరుగారు తల దించుకున్నారు. ఆయన వేదాంత కళాశాలలో చదివింది ఎంతో నాకు తెలియదు గానీ, ఈ సంగతి అక్కడ ఎవరూ చెప్పి ఉండరు.

కరుణాకర్ మొహం ఎర్రబడింది. "లూదియమ్మా, మెల్లిగా మాట్లాడు. పరాయోళ్లుండారు. ఆ జీతగాళ్ల కతలు ఇప్పుడెందుకు? అవన్నీ దాటొచ్చినాం మనం."

"దాటినాం సరే. ఏసయ్యను గూడా దాటిస్తాండారే!"

నాకు ఒళ్లు మండిన క్షణం అది. కరుణాకర్ మీద మాత్రమే కాదు. అతని తాతా, మా తాతా ఇద్దరూ జీతగాళ్లే. ఎవరి కొట్టాల్లోనో పేడెత్తినవాళ్లే. ఆ మాట మా ఇళ్లలో ఎవరూ పలకరు. మా పిల్లలకు తెలియదు. మా తాత ఏం చేసేవాడని మావాడు అడిగితే "వ్యవసాయం" అని చెప్పాను. ఎవరి వ్యవసాయమో చెప్పలేదు. పెద్దింటి మేడ మీద పుట్టి ఉంటే ఆ దేవుడి దగ్గరికి మా తాతను వాకిట్లోకి కూడా రానిచ్చేవాళ్లు కాదు. కొట్టంలో పుట్టాడు కాబట్టే, పేడగంప నెత్తిన పెట్టుకున్నవాడు కూడా తిన్నగా లోపలికి పోయి చూడగలిగాడు. మాకు తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. ఆ తలుపులోంచి లోపలికి వచ్చి, కడుపు నిండి, బట్టలు మారాక, ఇప్పుడు ఆ తలుపును చూసి మేమే సిగ్గుపడుతున్నాం. మేము దాచుకునే పుట్టుకను ఆయన దాచుకోలేదు. అందుకని ఆయన తరఫున మేము దాచిపెడుతున్నాం, మఖమల్ కప్పి. ఇంతకంటే నీచం ఇంకేముంటుంది?

ఇదంతా ఆ రోజు నేను పైకి అనలేదు. మనసులో అనుకున్నాను, అంతే. లూదియమ్మ చీపురు చంకలో పెట్టుకుని నా పక్కగా పోతూ ఆగింది.

"ఆ కాగితం నువ్వే రాసినావంట కదా సారూ."

"అవునమ్మా."

"బాగుంటాయిలే, నీ అచ్చరాలు" అని వెళ్లిపోయింది.

ఎనుము ఇరవై ఒకటో తేదీ పట్టపగలు, రహిమాన్ షెడ్డులో ఈనింది. పెయ్యదూడ. హజీరా పాత పరుపు గుడ్డలు తెచ్చి దూడను తుడిచిందట. తొలి జున్ను వాళ్లింటికే పోయింది, న్యాయంగా.

తర్వాత జనవరిలో ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, కడుపులో పెట్టుకుని ఉండలేను. పాక విప్పేశారు కదా, ఆ జాగా లూదియమ్మకు తిరిగి ఇవ్వాలని కమిటీలో పెట్టాను. రెండు చేతులు లేచాయి. ఒకటి నాది, రెండోది పాస్టరుగారిది. పాస్టరుకు ఓటు లేదని కరుణాకర్ నియమాల పుస్తకం తీసి చదివి వినిపించాడు. ఇప్పుడక్కడ సిమెంటు పోశారు, ఆదివారం కార్లు నిలుస్తున్నాయి. నేను కమిటీలోంచి బయటికి వచ్చాను. అదేమీ గొప్ప కాదు. రావాల్సింది నవంబరులో.

అయితే నేను చెప్పాలనుకున్నది జనవరి సంగతి కాదు, డిసెంబరు ఇరవై నాలుగు పొద్దున జరిగింది.

ఆ పొద్దున కరుణాకర్ మా ఇంటికొచ్చి, "రా సారూ, నువ్వుంటే ఆయమ్మ వింటాది" అని బండి ఎక్కించుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. జాగా సంగతి మాట్లాడతాడేమో, మనసు కరిగిందేమో అని వెర్రి ఆశతో ఎక్కాను. బండి రహిమాన్ ఇంటి ముందు ఆగింది. లూదియమ్మ షెడ్డులో తల్లి ఎనుముకు సొప్ప వేస్తోంది. దూడ ఆమె చీరకొంగు నములుతోంది. రహిమాన్ పక్కనే పరుపు కుడుతున్నాడు.

"దూడ బలే ముద్దుగా ఉండాదే!" అన్నాడు కరుణాకర్. "సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిదాంకా దీన్ని మన పాకలో కట్టేద్దామమ్మా. జీవమున్న దూడుంటే ఆ కళే వేరు. పెద్దోళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. మెడకు గంట, రిబ్బను నేనే తెస్తా."

నా చెవుల్ని నేను నమ్మలేదు. అది పుట్టడానికి ఉన్న చోటును నేలమట్టం చేసి, పుట్టిన దూడను బొమ్మగా అరువడుగుతున్నాడు. అందులో తప్పేమీ అతనికి కనపడలేదు. నిజంగానే కనపడలేదు, అదే నన్ను భయపెట్టింది.

"దూడ ఒగటేనా?" అంది లూదియమ్మ.

"ఒగటే చాలు. ఎనుమెందుకు? జనాలు బెదురుతారు."

"పాలు తాగల్ల కదప్పా అది."

"మూడు గంటలు తాగకపోతే ఏం కాదులే."

"పేడేస్తాది."

"మనిషిని పక్కనే పెడతాం. ఏసిన ఎంటనే ఎత్తేస్తాడు."

"మీ ఏసయ్య ముందర పేడేస్తే బాగుండదులేప్పా. మా ఏసయ్యకైతే అలవాటే."

రహిమాన్ సూది ఆపి పరుపులోకి మొహం దాచుకున్నాడు.

"ఏందమ్మా, మీ ఏసయ్య, మా ఏసయ్య అంటావు? ఏసయ్య ఒక్కడే" అన్నాడు కరుణాకర్, గొంతు పెంచి. "నా ఇంటికి అడుగుతాండానా? దేవుని పనికి అడుగుతాండా. అదీ ఒక్క పూటకు."

లూదియమ్మ చేతులకంటిన సొప్ప పొట్టు దులుపుకుంది. దూడ నోట్లోంచి కొంగు మెల్లగా లాక్కుని, దాన్ని తల్లి పొదుగు కిందికి తోసింది. ఆ తర్వాతే మా వైపు తిరిగింది.

"ఒక్క పూటకైతే రాదప్పా. ఉండేదానికి పిలువు, తల్లీ పిల్లా అందరం వస్తాం."